రెండో కార్డు

ఆమదాలవలసలో మా నెట్ ఆఫీసు ఒక బియ్యం గోదాం మేడ మీద ఉండేది. కింద బస్తాలు, పైన మేము. మేము అంటే పెద్ద సైన్యం అనుకునేరు. నేను, మా షావుకారు, పిలిస్తే వచ్చి స్తంభాలెక్కి తీగలు లాగే మనుషులిద్దరు, అంతే. కింద నుంచి తౌడు దుమ్ము మెట్లెక్కి వచ్చి ఫ్యాన్ల మీద, మిషన్ల మీద, నా టిఫిన్ డబ్బా మీద పేరుకునేది. మిషన్లున్న గదికి తలుపు సరిగ్గా పడేలా చేయించండి మహాప్రభో అని ఎంత గొంతు చించుకున్నానో నాకే తెలుసు. "సేయిద్దాం లేమ్మా" అనేవారు షావుకారు. నేను అక్కడ పని చేసినన్నాళ్ళూ ఆ తలుపు పడలేదు.

ఊళ్ళో అందరూ ఆయన్ని నెట్ షావుకారు అనేవారు. ఆయన అన్నగారిది బియ్యం వ్యాపారం, తాతల నాటిది. కింద గోదాం, మేడ, రైల్వే స్టేషన్ రోడ్డులో కొట్టు, అన్నీ అన్నగారి చేతిలోనే. మా షావుకారు మాత్రం వయసులో ఉండగానే కొట్టులోంచి లేచి వచ్చి కేబుల్ టీవీ పెట్టారు. తర్వాత అదే తీగల వెంబడి ఇంటర్నెట్ మొదలుపెట్టారు. ఆ ఇంట్లో బియ్యం తూచకుండా బతికిన మొదటి మనిషి ఆయనే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు గానీ, కొత్త కనెక్షన్ ఇచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో బొమ్మ వచ్చేదాకా కదిలేవారు కాదు. వాళ్ళు కాఫీ ఇస్తామన్నా వద్దని, గుమ్మంలో నిలబడి ఆ టీవీనే చూసేవారు.

నన్ను పనిలో పెట్టుకోవడం మీద వాళ్ళింట్లో పెద్ద గొడవే అయిందట. నాకు తర్వాత తెలిసింది. నేను సముద్రం ఒడ్డు పల్లె పిల్లను. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. పాలిటెక్నిక్ చదివి, ఎక్కడా పని దొరక్క ఈ మెట్లెక్కాను. సేపలోళ్ళ పిల్లని తెచ్చి మన మేడ మీద కూకోబెడతావా అని అన్నగారు అన్నాడట. "నెట్టుకి వాసనేటి అన్నియ్యా" అన్నారట మా షావుకారు. ఆ ఒక్క మాటకి నేను ఆయన దగ్గర అన్నాళ్ళు పని చేశాను. జీతం చూసి అయితే ఎప్పుడో మానేసేదాన్ని.

అన్నగారిని "అన్నాడు" అనీ, తమ్ముణ్ణి "అన్నారు" అనీ రాస్తున్నానని ఎవరైనా తప్పు పట్టొచ్చు. పట్టుకోండి. నాకు ముక్కు మీదే కోపం, చెయ్యి అలాగే వస్తోంది.

ఊళ్ళోకి వచ్చే ఇంటర్నెట్ అంతా ఒక రూటరు గుండా వచ్చేది. గోడకి ఆనుకుని ఇనుప బీరువా అంత స్టాండు, అందులో ఆ పెట్టె. పాత మిషన్లు అమ్మే హైదరాబాదు వ్యాపారి దగ్గర కొన్నది. దానికి రెండు కంట్రోల్ కార్డులు ఉంటాయి. పుస్తకమంత పలకలు, ముందు వైపు ఇనుప రేకు, వెనక వైపు సన్నటి బెజ్జాల వరసలు. పెట్టెలోకి తోస్తే ఆ బెజ్జాల్లోకి లోపలి సూదులు దిగుతాయి. ఒక కార్డు పెట్టెని నడుపుతుంటే రెండోది పక్కనే మేలుకుని కూర్చుంటుంది, ఏమీ చేయదు. మొదటిది పోతే ఆ క్షణానే పని అందుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మార్చాలన్నా ఇదే దారి. ముందు ఖాళీగా ఉన్నదానిలో కొత్తది ఎక్కించాలి, పని దానికి అప్పజెప్పాలి, అప్పుడు మొదటిదానిలోనూ ఎక్కించాలి. ఇళ్ళలో సీరియల్ చూసేవాళ్ళకి బొమ్మ కూడా ఆగదు.

అలాంటి రెండో కార్డుని మా షావుకారు పీకి గజపతినగరం పట్టుకుపోయారు.

అక్కడ మాకు చిన్న బ్రాంచి ఉండేది. ఒక వానాకాలం పిడుగు పడి అక్కడి కార్డు కాలిపోయింది. నేను ఇంకోటి కొనమన్నాను. ఆయన మా పెట్టె ముందు నిలబడి రెండు కార్డుల వంకా చాలాసేపు చూశారు.

"ఇదేటి సేస్తన్నాదమ్మా?"

"ఏమీ చేయదండి. మొదటిది పోతే చూసుకుంటుంది."

"మొదటిది ఎప్పుడైనా పోనాదా?"

"పోలేదు గానీ..."

"మరింకేటి? ఊరికే కూకుని కరెంటు తింతన్నాది. అక్కడ గిరాకీ ఎల్లిపోతంటే ఇక్కడ సరుకు నిల్వెట్టుకుంటామేటి?"

బియ్యం కొట్టు వదిలేసి వచ్చినా బియ్యం కొట్టు బుద్ధి ఆయన్ని వదల్లేదు. గోదాంలో సరుకు కదలకుండా ఉంటే వాళ్ళకి నిద్రపట్టదు. నేను అరిచాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. ఆయన నవ్వుతూ విన్నారు. మర్నాడు పొద్దున్నే కార్డుని సంచిలో వేసుకుని రైలెక్కేశారు.

తర్వాత పెద్ద కంపెనీ వచ్చింది. పేరు చెప్పను, అందరికీ తెలిసిన రకమే. వాళ్ళ తీగలు మా స్తంభాల మీదకే వచ్చాయి. మొదట గజపతినగరంలో ఇళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి, బ్రాంచి మూత పడింది. తర్వాత మా ఊరు. రోజూ ఎవరో ఒకరు తమ ఇంట్లో మేం పెట్టిన నెట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేసి "ఏటీ అనుకోకండి" అని వెళ్ళిపోయేవారు. చివరికి మాకు గట్టి ఆధారం అంటూ మిగిలింది ఒక ప్రైవేటు కాలేజీ. పిల్లలకి కంప్యూటర్ల మీద పరీక్షలు పెడతారు, నెట్ గంట ఆగినా గగ్గోలు పెడతారు. మా పాత రూటరు ఒకటి రెండుసార్లు బిగుసుకుపోయినప్పుడు ఆ కాలేజీ పెద్దమనిషి మెట్లెక్కి వచ్చి, "ఇంకొక్కసారి ఆగిందంటే మీ తీగ మేమే తెంపీసుకుంటాం" అని చెప్పి పోయాడు.

సరిగ్గా అప్పుడే, మాకు విశాఖపట్నం నుంచి లైను ఇచ్చేవాళ్ళు మెయిల్ పెట్టారు. మీ రూటరు సాఫ్ట్‌వేర్ బాగా పాతది, దొంగలు దూరే కన్నాలు ఉన్నాయి, నెలాఖరులోగా కొత్తది ఎక్కించకపోతే లైను ఆపేస్తాం అని. నేను అది చదివి షావుకారుకి చెప్పాను. ఆయన అన్నగారికి చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది. కానీ మేడ ఆయనది, కరెంటు మీటరు ఆయనది, ఆఫీసు పెట్టడానికి పెట్టుబడీ ఆయనదే.

పెద్దాయన ఎప్పుడూ పైకి రాని మనిషి, ఆ రోజు వచ్చాడు. నా కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడ్డాను, తమ్ముడూ నిలబడ్డారు.

"ఒరే, ఇదే ఆఖరు. ఈ పని సరిగ్గా అయి కాలేజీ నిలబడిందంటే నీ ఇష్టం, సేసుకో. లేదంటే మాత్రం ఇవన్నీ అమ్మీసి, మర్నాటి నుంచి నా కొట్లో కూకో. మనిషి లేక నాను అవస్థ పడతన్నాను."

"అలగే అన్నియ్యా" అన్నారు మా షావుకారు. యాభై దాటిన మనిషి. అన్నయ్య వెళ్ళిపోయాక రూటరు దగ్గరికి వెళ్ళి, తువ్వాలుతో దాని మీద తౌడు దుమ్ము తుడిచారు.

"అవుతాది కదమ్మా?" అన్నారు.

"ఆ రెండో కార్డు ఉంటే అవుతుందండి. లేకుండా చేస్తే గాల్లో దీపమే" అన్నాను.

శనివారం నేనే గజపతినగరం వెళ్ళాను. విజయనగరం దాకా ఒక రైలు, అక్కణ్ణించి రాయగడ వైపు వెళ్ళే ఇంకో రైలు. ఎరువుల కొట్టు వెనక గదిలో మా బ్రాంచి మిషన్లన్నీ గోనె పట్టాలు కప్పుకుని పడున్నాయి. కార్డు బయటికి తీశాను. బాగానే ఉంది, కాస్త బూజు తప్ప. బ్రష్షుతో శుభ్రం చేసి, బుట్టలో పెట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. వేరుశెనక్కాయలు అమ్మేవాడు "బుట్టలో ఏటమ్మా, పసిబిడ్డా?" అని వేళాకోళమాడాడు. నాకు నవ్వు రాలేదు.

దిగేసరికి ఎండ వాలిపోయింది. షావుకారు స్టేషన్లోనే నిలబడి ఉన్నారు. ఇప్పుడే వెళ్ళి కార్డు పెట్టేద్దాం, రాత్రంతా నడిచి చూస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"దీపాలెట్టే ఏలయిపోనాదమ్మా. ఇప్పుడు కొత్త పని మొదలెట్టకూడదు. రేపు ఆదివారం, కాలేజీ సెలవు, పొద్దున్న మంచి గడియ ఉన్నాది. అన్నియ్య కూడా వస్తాడు."

"ఊరంతా పడుకున్నాక చేసే పనండీ ఇది, అందరూ రాత్రిపూటే చేస్తారు!"

"ఎవులెలాగ సేసుకుంటే మనకేల? నువ్వింటికి బేగి ఎల్లు. ఇది మా దేవుడి గదిలో ఉంటాది" అని నా చేతిలోంచి కార్డు తీసుకున్నారు. రెండు చేతులతో, జాగ్రత్తగా. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన నడుస్తున్న తీరు చూసి ఊరుకున్నాను.

పొద్దున్న ఆయన స్నానం చేసి, పొందూరు పంచె కట్టుకుని, కార్డుని కొత్త తువ్వాల్లో చుట్టి తెచ్చారు. విప్పి చూస్తే ముందు రేకు మీద పసుపు, దాని మధ్య ఎర్రటి బొట్టు.

"అప్పుడే పెళ్ళి చేసేశారేటండి దీనికి?" అన్నాను.

"మంచి జరగాలి కదమ్మా" అని సిగ్గుపడ్డారు.

అందులో నాకు వింతేమీ కనిపించలేదు. మా ఆఫీసులో బొట్టు లేని వస్తువే లేదు. బ్యాటరీలకి బొట్టు, నిచ్చెనకి బొట్టు, గోడకి కొట్టిన కరెంటు మీటరుకి బొట్టు. రేకు మీద ఉంటే వచ్చే నష్టం లేదు. తిప్పి వెనక వైపు చూశాను. నల్లటి బెజ్జాల వరసలు, పైన శుభ్రంగానే ఉన్నాయి. బ్రష్షుతో మరోసారి దులిపి, పెట్టెలోకి తోశాను. లైటు కాసేపు నారింజ రంగులో కొట్టుకుని పచ్చగా నిలబడింది. మొదటి కార్డులో ఉన్న సంగతులన్నీ దీనిలోకి రాసుకుంటోంది.

పెద్దాయన వచ్చి మళ్ళీ నా కుర్చీలోనే కూర్చున్నాడు. షావుకారు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. బాగా పగిలిందని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను రెండో కార్డులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అది పడుకుని లేచింది. అంతా సరిగ్గానే ఉంది. ఇక అప్పగింత. షావుకారు తన ఫోన్లో ఏదో భజన వీడియో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. నేను కంప్యూటర్లో పని అప్పజెప్పమనే ఆ ఒక్క మాట కొట్టాను. మొదటి కార్డు దిగిపోయింది, రెండోది అందుకుంది. భజన ఆగలేదు.

"ఆగలేదమ్మా! ఒక్కలేశం ఆగలేదు! అన్నియ్యా, సూడు, సూడు!" అని ఫోను పట్టుకెళ్ళి అన్నగారి మొహం ముందు పెట్టారు.

ఆయన్ని అంత సంతోషంగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

"అయితే అయిపోనాదేటి?" అన్నాడు పెద్దాయన.

"సగమేనండి. ఇంకా మొదటి కార్డులో ఎక్కించాలి."

నేను తొందరపడలేదు. ఈ మాట ఇప్పుడైనా గట్టిగా రాసుకోనివ్వండి. టీ తెప్పించుకుని తాగాను. ఊళ్ళో నాలుగు వైపులా కనెక్షన్లు చూశాను, బ్యాటరీలు చూశాను, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయని మళ్ళీ మళ్ళీ చూశాను. అప్పుడే మొదటి కార్డు పని పట్టాను. దానిలో మామూలు సాఫ్ట్‌వేర్‌తో పాటు అడుగున ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ కూడా మారాలి. కరెంటు తగలగానే కార్డుని నిద్ర లేపేది అదే. అది రాస్తున్న కాసేపూ పెట్టెకి ఏ అవాంతరం రాకూడదు. వస్తే ఆ కార్డుకి తనెవరో కూడా తెలియదు, ఇక లేవదు. అందుకే కదా రెండో కార్డు.

సగం రాసింది. ఉన్నట్టుండి రూటరు ఫ్యాన్లన్నీ ఒక్కసారి హోరెత్తాయి. రెండో కార్డు లైటు ఎర్రగా మారింది. తర్వాత అదీ ఆరిపోయింది. నడిపేవాడు లేక పెట్టె మొత్తం తనంత తాను ఆగి మొదలైంది. మొదటి కార్డు సగం రాతతో అలాగే చీకటిగా ఉండిపోయింది.

షావుకారు చేతిలో భజన ఆగింది.

స్విచ్చి తీసి వేశాను. తీగలు పీకి పెట్టాను. కంప్యూటరు నేరుగా తగిలించి మొదటి కార్డుని పిలిచాను, తిట్టాను, బతిమాలాను. తెర మీద ఒక్క అక్షరం రాలేదు. చివరికి రెండో కార్డు బయటికి లాగాను. చెయ్యి కాలింది. పసుపూ నువ్వుల నూనే కలిసి మాడిన వాసన. ఫోన్ టార్చి వేసి వెనక వైపు బెజ్జాల్లోకి చూశాను. లోపల, అడుగున, ఎర్రగా పచ్చగా ముద్ద.

తల తిప్పి ఆయన వంక చూశాను. భుజం మీద కార్డు చుట్టి తెచ్చిన ఆ కొత్త తువ్వాలు. దాని కొసన పసుపు మరక. నాకు అంతా అర్థమైపోయింది. కొత్త లారీకి ముందూ వెనకా బొట్టు పెట్టినట్టు దీనికీ రెండు వైపులా పెట్టారు. నూనెలో కలిపి వెనక పెట్టింది కారుతుంటే తువ్వాలుతో తుడిచారు. పైన శుభ్రమైంది, ముద్ద బెజ్జాల్లోకి దిగిపోయింది. చల్లగా ఉన్నంతసేపు ఓర్చుకుంది. పని మొత్తం మీద పడి వేడెక్కేసరికి లోపలి సూదులు ఒకదానికొకటి అంటుకుని కార్డు కాలిపోయింది.

నా నోరు తెలిసినవాళ్ళు ఎవరైనా సరే, నేను ఆ క్షణాన మేడ ఎగిరిపోయేలా అరిచి ఉంటాననే అనుకుంటారు. అరవడానికి నోరు తెరిచాను కూడా. ఆయనకి ఏమీ తెలియలేదు. నా చేతిలోని కార్డు వంకా, నా మొహం వంకా మార్చి మార్చి చూస్తున్నారు. మంచి జరగాలని పెట్టిన బొట్టు అది.

"ఏటయింది?" అన్నాడు పెద్దాయన. కుర్చీలోంచి లేచాడు. "ఎవుల తప్పు?"

నేను బెజ్జాలు కనపడకుండా కార్డు తిప్పి బల్ల మీద పెట్టాను.

"నాదేనండి. తొందరపడ్డాను."

ఎందుకు అలా అన్నానో నాకు బాగా తెలుసు. ఆ ముసలాయన నన్ను నానా మాటలూ అంటాడు, పనిలోంచి తీసేయమంటాడు, తమ్ముడికి ఇంకొక అవకాశం ఇస్తాడు అనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఆయన నావైపు కూడా చూడలేదు. "సూసినావేట్రా? నానప్పుడే సెప్పినాను. తట్ట మోసుకునే గుంటని తెచ్చి ఇంత యాపారం దాని సేతిలో ఎట్టినావు. దాన్నేటంటాం, నిన్ననాల గానీ" అన్నాడు. మెట్లు దిగుతూ, "రేపు పొద్దున్న తాళాలట్టుకుని కొట్టుకి రా" అన్నాడు.

షావుకారు అన్నగారు దిగిన మెట్ల వంక చూశారు. తర్వాత నెమ్మదిగా, "తొందరేటొచ్చిందమ్మా నీకు?" అన్నారు. అంతే. ఇంకొక్క మాట లేదు. ఆయన తిట్టి ఉంటే నేను నిజం కక్కేసి ఉండేదాన్ని. తిట్టలేదు.

హైదరాబాదు వ్యాపారికి ఫోన్ చేశాం. అలాంటి కార్డు వెతికి పంపడానికి వారం పడుతుందన్నాడు. సోమవారం పొద్దున్నకే కాలేజీ గోడకి పెద్ద కంపెనీ వాళ్ళ నిచ్చెన ఆనించి ఉంది. మా మనుషులిద్దరిలో ఒకడు ఆ నిచ్చెన మీదే ఉన్నాడు, వాళ్ళ తీగ లాగుతున్నాడు. నన్ను చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. వాణ్ణీ ఏమనగలను, వాడికీ ఇల్లుంది.

మిషన్లు పాత సామాను వాడికి వెళ్ళిపోయాయి. మేడ గదిలో ఇప్పుడు బస్తాలున్నాయి.

ఇంటికి వెళ్ళి అమ్మకి ఒక్కదానికే నిజం చెప్పాను. అమ్మ తట్ట కడుగుతూ వింది.

"ఓలమ్మో, సెయ్యని తప్పు నెత్తినెట్టుకున్నావేటే? అందరి మీదా ఇంతెత్తు లేస్తావు, అక్కడేటయింది నీ నోటికి?"

"ఆయన మొహం చూస్తే రాలేదే అమ్మా."

"మొహం సూసి బతకలేం" అంది అమ్మ.

అమ్మ మాట ఎంత నిజమో త్వరలోనే తెలిసింది. శ్రీకాకుళంలో అడిగాను, విజయనగరంలో అడిగాను. ఈ పని చేసేవాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళే. "ఆమదాలవలసలో రూటరు కాల్చీసినమ్మాయివి నువ్వేనా?" అని మొహం మీదే అడిగేవారు. ఇప్పుడు బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ కొట్లో పని చేస్తున్నాను. ఎదుటివాళ్ళ ఆధార్ కార్డులు అద్దం మీద బోర్లించి మూత వేయడం, తియ్యడం. చదివిన చదువంతా ఆ మూత కిందే.

కిందటి నెల విజయనగరంలో నెట్ వ్యాపారం చేసే ఒకాయన మాత్రం కాస్త మెత్తగా మాట్లాడాడు. మనిషి అవసరం ఉంది, కానీ ఆ రూటరు సంగతి విన్నాను, మీ పాత షావుకారు చేత ఒక్క మాట చెప్పించు, చూద్దాం అన్నాడు. ఆ రాత్రి నిర్ణయించుకున్నాను. ఇక చాలు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. బొట్టు సంగతీ, బెజ్జాల సంగతీ, అన్నీ. ఆయన బాధపడితే పడనీ. అన్నగారు వింటే విననీ. నేనొక్కదాన్నే ఎందుకు మోయాలి?

మధ్యాహ్నం పూట స్టేషన్ రోడ్డులో కొట్టుకి వెళ్ళాను. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర గద్దె మీద ఉన్నాడు. మా షావుకారు కింద, కాటా పక్కన, చిన్న పీట మీద కూర్చుని సంచులు కుడుతున్నారు. మనిషి తగ్గిపోయారు. కనుబొమ్మల మీద తౌడు. నన్ను చూసి గబుక్కున లేచారు, మోకాలు పట్టేసి కాటా పట్టుకున్నారు.

"రా అమ్మా, రా! ఎన్నాళ్ళయింది! అమ్మ బాగుందేటి?"

నేను అసలు మాటకే వచ్చేశాను. "షావుకారుగారూ, ఆ రోజు రూటరు..."

"అదింకా మనసులో ఎట్టుకున్నావేటి?" అని నా మాట మధ్యలోనే ఆపేశారు. అన్నగారికి వినపడకుండా గొంతు తగ్గించారు. "నాను నిన్నేటీ అనుకోలేదమ్మా. దేవుడి మీదొట్టు. అన్నియ్య అన్నప్పుడల్లా నాను సెప్తాను, పిల్ల మంచిది, తప్పు ఎవులైనా సేస్తారు అని. నువ్వు ఏడవకు."

నేను ఏడుస్తున్నట్టు అప్పుడే తెలిసింది. చెప్పాలని వచ్చింది చెప్పలేదు. మరి ఎందుకొచ్చావంటే, విజయనగరం ఉద్యోగం సంగతి మాత్రం చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. నంబరు అడిగి తీసుకుని, చేతులు పంచెకి తుడుచుకుని, అక్కడికక్కడే ఫోన్ చేశారు. నిలబడే మాట్లాడారు, ఎదురుగా మనిషి ఉన్నట్టు.

"బాబూ, నాను ఆమదాలవలస నెట్ షావుకారిని. ఆ, అమ్మాయి గురించే. బంగారంలాంటి పిల్ల బాబూ. పని రాచ్చసి. ఒకే ఒక్క తప్పు సేసింది, తొందరపడిపోనాది, దాంతో నా యాపారం మొత్తం పోనాది. అది నిజమే. కానీ మళ్ళీ సెయ్యదు. నాను పూచీ. ఈ ఒక్కసారికి మన్నించి పనిలో ఎట్టుకోండి బాబూ."

అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. "అలాగా... సరే బాబూ... సరే" అని ఫోన్ దింపారు. కాసేపు దాని వంకే చూశారు.

"ఆలోసించి సెప్తానన్నాడు" అన్నారు. తర్వాత నా మొహం చూసి, ఏదో గుర్తొచ్చినట్టు, "తప్పు సంగతి సెప్పినానని ఏటీ అనుకోకమ్మా. నీ కోసమైనా నాను అబద్ధం ఆడలేను కదా" అన్నారు.

"అవునండి" అన్నాను.